బిడ్డకు జబ్బు రాలేదు

ప్రమోషన్లు, బదిలీలు, మెమోల గురించి రాస్తే ఒక పుస్తకం నిండుతుంది గాని, చదివినవాళ్ళకు ఒక్క ముక్క పనికిరాదు. వాటి జోలికి పోను. నేను పిల్లల డాక్టర్ని. పల్నాడులోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ఇప్పుడు నరసరావుపేటలో ఇంటి పట్టున ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు, నర్సులు అప్పుడప్పుడు వచ్చి కూర్చుని, "మీ అనుభవంలో ఏదైనా చెప్పండి మేడమ్" అంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

లివరుకు పట్టే జబ్బు హెపటైటిస్ బి గురించి చెబుతాను. నేను చూసినంతలో, జబ్బు చేసే హాని కంటే దాని పరీక్ష రిజల్టు చేసిన హాని ఎక్కువగా కనిపించింది ఈ జబ్బులోనే. ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు మార్చాను. ఆసుపత్రి ఏదో చెప్పను. వైద్యం వరకు చూస్తే ఆ కేసులో జరగాల్సినవన్నీ జరిగాయి. బిడ్డకు జబ్బు రాలేదు. పాఠ్యపుస్తకం లెక్కన అది గెలుపే. ఆ గెలుపు గుర్తొచ్చిన రోజున నాకు అన్నం సయించదు.

విన్నది తిరిగి చెప్పించండి

ముందు మా పెద్ద మేడమ్ గురించి రెండు మాటలు. ఆమె కాన్పుల విభాగానికి పెద్ద. గొంతు కటువు. ఆమె రౌండ్స్‌కు వస్తుంటే వార్డు బయట చెప్పులు కూడా సర్దుకుని కూర్చునేవని మేము నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు మా హౌస్‌సర్జన్ ఒక గర్భిణికి, "హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చిందమ్మా, భయం లేదు" అని చెప్పి ముందు మంచం దగ్గరికి పోయాడు. పెద్ద మేడమ్ అతన్ని వెనక్కి పిలిచింది.

"చెప్పావు సరే. ఆమె ఏం విన్నదో అడుగు."

అతను అడిగాడు. ఆ అమ్మాయి నవ్వుతూ, "పాజిటివ్ అన్నారు గదా సారూ. అంటే అంతా మంచిదేగా" అంది.

"చూశావా? నువ్వు చెప్పడం సగం పని. వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవడం మిగతా సగం. ఆ సగం ఎవడూ చెయ్యడు" అంది పెద్ద మేడమ్.

నెగెటివ్‌తో కూడా ఇదే చిక్కు. మాచర్ల వైపు నాపరాయి క్వారీలో పనిచేసే ఒకతను బిడ్డ టీకాలన్నీ పూర్తయ్యాక పరీక్ష చేయించి, "నెగెటివ్ వచ్చిందమ్మా" అంటూ వార్డంతా చాక్లెట్లు పంచాడు. కాగితం చూశాను. రెండు పరీక్షలు. జబ్బు ఉందా అని చూసేది నెగెటివ్. అది మంచిదే. టీకా వల్ల రక్షణ వచ్చిందా అని చూసేది కూడా నెగెటివ్. అది మంచిది కాదు. టీకాలు మళ్ళీ వెయ్యాలని చెబితే, అతని చేతిలోని చాక్లెట్ల కవరు మెల్లగా కిందికి జారింది. మొత్తానికి మళ్ళీ తీసుకొచ్చాడు, వేయించాడు, బిడ్డ బాగుంది. మాట విని వచ్చేవాళ్ళతో ఇబ్బంది లేదు.

ఎర్ర స్టిక్కరు

మాధవిది నకరికల్లు. డిగ్రీ చదివింది. గురజాల వైపు ఒక ఊళ్ళో వ్యవసాయ కుటుంబానికి ఇచ్చారు. భర్త శీను మిరప, పత్తి వేసేవాడు. శీను చిన్నప్పుడే అతని తండ్రి పోయాడు. ఇంటికి పెద్ద అతని తల్లి కోటమ్మ. ఆమె ఒక విడత సర్పంచిగా చేసింది. ఊళ్ళో తగాదా ఏదైనా ఆమె అరుగు మీదే తెగేది.

మాధవికి గర్భం వచ్చిన మొదట్లో చేసే మామూలు రక్తపరీక్షల్లో హెపటైటిస్ బి బయటపడింది. అంటే వైరస్ ఆమె ఒంట్లో ఉంది. అది ఎంత జోరుగా పెరుగుతోందో చూసే పరీక్షలు పెద్ద మేడమ్ చేయించింది. వైరస్ చాలా తక్కువగా ఉంది. ఎక్కువగా ఉంటే బిడ్డకు పాకకుండా చివరి నెలల్లో తల్లికి మాత్రలు ఇవ్వాలి. మాధవికి ఆ అవసరం కూడా లేదు. పుట్టగానే బిడ్డకు ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ అనే రెడీమేడ్ రక్షణ ఇంజెక్షన్ వేస్తే చాలు. పెద్ద మేడమ్ ఇదంతా మాధవికి, ఆమె తల్లికి చెప్పింది, తిరిగి చెప్పించుకుంది కూడా. ఇద్దరూ పొల్లు పోకుండా చెప్పారు.

కాని ఇంటికి పోయాక ఆ తల్లి కూతురితో, "మీ అత్తగారోళ్ళకి ఇప్పుడే చెప్పమాకే. కాన్పయ్యినాక నిదానంగా చెబుదాం" అంది. తప్పు పట్టలేను. ఏ తల్లి అయినా అలాగే అంటుంది.

కాన్పు మా ఆసుపత్రిలో అయింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. లేబర్ రూములోనే టీకా వేశాం. రెండో ఇంజెక్షన్ మా స్టోర్స్‌లో అయిపోయింది. శీను ఏ ఇంజెక్షనని గాని, ఎందుకని గాని అడగలేదు. "బిడ్డకు వెంటనే కావాలి" అంటే చాలు, చీటీ పట్టుకుని బైకు మీద గుంటూరు పోయి, ఐస్ డబ్బాలో పెట్టుకుని సాయంత్రం కాకముందే తెచ్చాడు. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. "టయానికి వచ్చానా మేడమ్?" అన్నాడు. వచ్చాడు. వేశాం.

అతను దారిలో ఉన్న ఆ కొద్ది గంటల్లోనే ఇక్కడ అంతా పాడైంది.

మా సూపరింటెండెంటు ఒక రూలు పెట్టాడు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళ మంచానికి ఎర్ర స్టిక్కరు అంటించాలని. సిబ్బంది జాగ్రత్త కోసమట. ఈ రూలు గురించి ఆయనతో నేనూ పెద్ద మేడమ్ చాలాసార్లు వాదించాం. రక్తంతో జాగ్రత్త అనేది ప్రతి కాన్పులోనూ, ప్రతి మనిషి దగ్గరా ఉండాలి. స్టిక్కరు లేని మంచం దగ్గర గ్లౌజులు వేసుకోకపోవడానికే ఆ స్టిక్కరు పనికొస్తుంది. ఆయన వినలేదు. "రేపు మన నర్సుకి వస్తే మీరు జవాబు చెబుతారా?" అనేవాడు. ఆయన భయమూ నిజమే. కాని భయపడేవాడు రూలు రాస్తే ఇలాగే ఉంటుంది.

కోటమ్మ మనవరాలిని చూడ్డానికి కొత్త చీర కట్టుకుని వచ్చింది. వార్డంతా కలియజూసి, పక్కనే ఉన్న ఆయాను అడిగింది.

"మా కోడలి మంచానికే ఆ ఎర్ర కాగితం ఎందుకు అంటిచ్చారమ్మా?"

"కామెర్ల జబ్బు పెద్దమ్మా. ఎయిడ్స్ లాంటిదేలే. బాగా దగ్గరికి పోబాకండి."

నేను వార్డులోకి వచ్చేసరికి బిడ్డ కోటమ్మ చేతుల్లో ఉంది. మాధవి జాకెట్టు సర్దుకుంటూ, తల గోడకు ఆనించి ఏడుస్తోంది. పాలు తాగుతున్న పిల్లను రొమ్ము మీద నుంచి తీసేసుకుందన్నమాట.

"చూడు డాక్టరమ్మా," అంది కోటమ్మ. "కడుపుతో ఉన్నప్పుడే తెలుసంట వీళ్ళకి. మాకు ఒక్క ముక్క చెప్పలా. రోగం దాచిపెట్టి కాన్పు చేపిచ్చారు."

నేను కూర్చోబెట్టి చెప్పాను. ఇది ఎత్తుకుంటే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. పాలు తాగితే రాదు. కాన్పప్పుడు తల్లి రక్తం నుంచి బిడ్డకు పాకే ప్రమాదం ఉంది, దానికి అడ్డంగా ఒక ఇంజెక్షన్ వేశాం, ఇంకోటి మీ అబ్బాయి తెస్తున్నాడు అన్నాను.

ఆమె అంతా విన్నది. విని నెమ్మదిగా అంది: "మా ఆయన ఈ కామెర్లతోనే పోయాడమ్మా. కళ్ళు పసుపు ముద్దలయినయ్. కడుపు కుండలాగా ఉబ్బింది. పసరు పోపిచ్చా, గుంటూరు తిప్పా. ఏదీ ఆగలా. తాగుడని చెప్పారు, ఏదని చెప్పారు. నా చేతుల్లోనే పోయాడు. మళ్ళా ఆ జబ్బుని నా మనవరాలి కాడికి రానిస్తానా?"

ఆమెను రాక్షసిగా చెప్పుకోవడం తేలిక. నేను ఆ తప్పు చెయ్యను. ఆమె భయంలో అబద్ధం లేదు.

ఆ మాట విన్నాక నాకు ఇంకో అనుమానం వచ్చింది. "మీ ఇంట్లో అందరూ ఈ పరీక్ష చేయించుకోండి. మీరూ, శీనూ" అన్నాను.

"మా ఇంట్లో రోగమేంది?" అని లేచిపోయింది.

పాలు

కొన్ని వారాలకు మాధవి తన తల్లితో నా దగ్గరికి వచ్చింది. రొమ్ములు గడ్డకట్టి, జ్వరంతో ఉంది. చేతుల్లో బిడ్డ లేదు.

"పాప ఏదమ్మా?"

"అత్తయ్య దగ్గరుంది మేడమ్. డబ్బా పాలు పడుతున్నారు."

"ఎవరు తీసుకుపోయారు?"

"ఎవరూ తీసుకుపోలేదు. నేనే ఇచ్చా." ఆ అమ్మాయి తడిసిన జాకెట్టు మీదికి కొంగు లాక్కుంది. "మా ఇంటికి పోయినాక అందరూ తలా ఒక మాట చెప్పారు. ఎవరి మాట నిజమో తెలియలా. నా ఊపిరి కూడా పిల్లకి తగలకూడదనిపించింది. ఆయన చూడ్డానికి వస్తే నేనే చేతుల్లో పెట్టా. పాలు మాత్రం ఆగట్లేదు మేడమ్. టీవీలో పిల్ల ఏడుపు వినపడినా కారిపోతున్నయ్."

తప్పంతా అత్తగారిదే అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. బిడ్డను దూరం చేసింది ఈ పిల్ల ప్రేమే అని అప్పుడు తెలిసింది. పెద్ద మేడమ్ గదిలో పొల్లు పోకుండా తిరిగి చెప్పిన అమ్మాయే. ఆసుపత్రిలో అర్థమైన మాట ఆసుపత్రి గేటు దాటితే నిలవదు. మనం చెప్పింది ఒకసారి, ఊరు చెప్పేది రోజూ.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. "పోయి నీ పిల్లను తెచ్చుకో. పాలివ్వు. నేను చెబుతున్నాను" అన్నాను. ఆ మొహం వెలిగింది. జ్వరం తగ్గగానే తండ్రిని తీసుకుని అత్తగారి ఊరు పోయింది.

అయితే ఆమె కంటే ముందు ఆ ఇంటికి ఒక కాగితం వచ్చి ఉంది.

పక్క చేను మందు వాసన

పిల్ల పుట్టినప్పుడే నేను శీనుకు చెప్పాను. టీకాలు అన్నీ పూర్తయ్యి, బిడ్డకు తొమ్మిది నెలలు దాటేదాకా రక్తపరీక్ష చేయించొద్దని. ముందే చేస్తే రిజల్టు మోసం చేస్తుంది. టీకా వేసిన కొత్తలో చేస్తే ఆ టీకాలోని పదార్థమే జబ్బులా కనపడొచ్చు. మనం ఇచ్చిన రెడీమేడ్ రక్షణ బిడ్డ సొంత రక్షణలా కనపడొచ్చు. లేదనుకున్న జబ్బు తర్వాత బయటపడొచ్చు కూడా.

కోటమ్మ ఆగలేకపోయింది. మనవరాలిని ఒక ప్రైవేటు ల్యాబుకు తీసుకుపోయి, "ఉన్న టెస్టులన్నీ చెయ్యండి" అంది. వాళ్ళు అన్నీ చేశారు. అందులో ఒకటి దగ్గర "కోర్ యాంటీబాడీ, రియాక్టివ్" అని ముదురు అక్షరాల్లో వచ్చింది. ఆ కాగితం చూసిన ఒక డాక్టరు, "పాపకు కూడా ఎక్కింది" అనేశాడు. మాధవి తండ్రితో వెళ్ళి తలుపు కొట్టేసరికి ఆ మాట ఇల్లంతా నిండి ఉంది. ఆమెను గడప దాటనివ్వలేదు.

శీను, కోటమ్మ ఆ కాగితం తీసుకుని నా దగ్గరికి వచ్చారు. పాప బొద్దుగా ఉంది. నన్ను చూసి నవ్వింది.

"ఇది జబ్బు కాదు. తల్లి ఒళ్ళు వైరస్‌తో పోట్లాడి తయారుచేసుకున్న యాంటీబాడీలు ఇవి. కడుపులో ఉన్నప్పుడు మాయ ద్వారా బిడ్డకు దిగుతాయి. ఏడాది, రెండేళ్ళ దాకా కూడా కనపడతాయి. తర్వాత వాటంతట అవే పోతాయి. చిన్నపిల్లలకు ఈ పరీక్ష అసలు చెయ్యకూడదు" అన్నాను.

"రియాక్టివ్ అని రాసి ఉంటే లేదంటారేంది?" అంది కోటమ్మ.

"కోటమ్మగారూ, పక్క చేలో మందు కొడితే గాలికి ఆ వాసన మీ మిరప చేలోకి వస్తుంది. వాసన వచ్చిందని మీ చేనుకు పురుగు పట్టినట్టా?"

శీను మొహంలో ఏదో కదిలింది. అతనికి అర్థమైంది. నేను చూశాను. కాని కోటమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆ డాక్టరు ఉందంటాడు, నువ్వు లేదంటావు. ఎవురి మాట వినేది? తేలిందాకా పిల్ల తల్లి కాడికి పోదు."

"తొమ్మిది నెలలు ఆగితే కచ్చితంగా తేలుతుంది. ఈలోగా తల్లి దగ్గర ఉంచండి. దానివల్ల ఏ ప్రమాదమూ లేదు."

ఆమె లేచింది. శీను కూడా లేచాడు. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. నోరు విప్పి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. మంచివాడే. కూతురి కోసం ఎండలో గుంటూరు పోయి వచ్చినవాడు. తల్లి వెనకే నడిచిపోయాడు. చెడ్డవాళ్ళు చేసిన నష్టం నేను చాలా తక్కువ చూశాను. మంచివాళ్ళు నోరు మూసుకుని చేసిన నష్టమే ఎక్కువ చూశాను.

తొమ్మిది నెలలు ఆగండి అనేది మన పుస్తకాల్లో ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యంలో రెండు ఇళ్ళు ఏమయ్యాయో చెబుతాను. పెద్దమనుషుల్లో కూర్చున్నారు. "రోగిష్టి పిల్లని మాకు అంటగట్టారు" అన్నారు వీళ్ళు. "మా పిల్లకు రోగం మీ ఇంట్లోనే అంటింది" అన్నాడు మాధవి తండ్రి. ఆ మాటతో కోటమ్మ సర్పంచిగా చేసిన ఇంటి పరువు మధ్యలోకి వచ్చింది. ఇక పిల్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు. పంచాయితీ కోర్టుకు ఎక్కింది. వకీళ్ళు, వాయిదాలు. మాధవికి పాలు ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలియదు. అడగలేదు.

అదే మాట

తొమ్మిది నెలలు దాటాక శీను ఒక్కడే పాపను తీసుకుని వచ్చాడు. సహస్ర అని పేరు పెట్టారు. కుర్చీ కోడు పట్టుకుని నిలబడుతోంది.

రిజల్టు ల్యాబు నుంచి నేరుగా అతని చేతికే పోయింది. పరుగున నా గదికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రియాక్టివే అంట మేడమ్."

కాగితం తీసుకున్నాను. వైరస్ ఉందా అనే పరీక్ష, లేదు. టీకా వల్ల వచ్చే రక్షణ యాంటీబాడీ, రియాక్టివ్, బాగా ఎక్కువగా.

"శీనూ, పాపకు జబ్బు లేదు. ఇక రాదు కూడా. ఈ రియాక్టివ్ మనం కోరుకున్నదే. ఈ మాట ఇక్కడ ఉండాలనే మనం టీకాలన్నీ వేసింది."

అతనికి నమ్మకం కుదర్లేదు. "అప్పుడు కూడా ఇదే మాట ఉంది గదా?"

"మాట అదే. పరీక్ష వేరు. అప్పటిది తల్లి నుంచి వచ్చిన గుర్తు. ఇది నీ బిడ్డ సొంత కవచం."

అతను పాపను ఎత్తుకుని, ఆ పిల్ల మెడలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పాప అతని చెవి పట్టుకుని లాగుతోంది.

కుర్ర డాక్టర్లకు ఇక్కడ ఒక మాట. ఈ జబ్బు కాగితాల మీద పాజిటివ్, రియాక్టివ్ అనే మాటలకు సొంత అర్థం లేదు. దేనికి పాజిటివో చూడండి. కాగితం వాళ్ళ చేతికి పోకముందే "జబ్బు ఉంది" లేదా "జబ్బు లేదు" అని తెలుగులో చెప్పండి. తర్వాత కాగితం ఇవ్వండి.

ఆ రోజు శీనును అడిగాను, "ఇప్పుడైనా నువ్వు పరీక్ష చేయించుకుంటావా?" అని. తలూపాడు.

అతనికి జబ్బు ఉంది.

ఎవరు ఎవరికి

"మాధవి నుంచి వచ్చిందా నాకు?" అన్నాడు. మొదటి ప్రశ్న అదే.

లివరు స్కానింగ్ చేయించాం. లివరు మీద మచ్చలు కట్టి ఉన్నాయి. అవి పెళ్ళయ్యాక వచ్చినవి కావు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా కట్టినవి. "నీకు ఇది చిన్నతనం నుంచే ఉండి ఉంటుంది. ఆ అమ్మాయి ఇవ్వలేదు" అన్నాను.

"మరి ఆమెకి నేను ఇచ్చానా?"

అది కూడా కాదనే అనిపిస్తుంది. పెద్దయ్యాక ఈ వైరస్ అంటితే చాలామందిలో కొన్ని నెలల్లోనే ఒంట్లో నుంచి పోతుంది. పసితనంలో అంటితేనే ఇలా ఏళ్ళకు ఏళ్ళు నిలిచిపోతుంది. మాధవికీ పసితనంలోనే వచ్చి ఉండొచ్చు. ఇద్దరూ ఒకరికొకరు తెలియకముందే, ఇద్దరి ఒళ్ళలో అదే వైరస్ ఉండి ఉంటుంది. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది నాకు తెలిసిన ఏ పరీక్షా తేల్చదు. రెండు ఇళ్ళవాళ్ళూ కోర్టుకెక్కింది మాత్రం ఆ ఒక్క జవాబు కోసమే.

శీనుకు మాత్రలు మొదలుపెట్టించాం. రోజుకొకటి. ఇప్పటికీ వేసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. తల్లిని మాత్రం పరీక్షకు తేలేకపోయాడు. మనవరాలికి జబ్బు లేదని తెలిశాక ఆమె మరీ బిగుసుకుంది. "నేను తల్లి కాడి నుంచి తెచ్చి కాపాడుకోబట్టే రాలా" అందట.

కోటమ్మ తనంతట తాను వచ్చింది, చాన్నాళ్ళకు. ఆమెను గుర్తుపట్టలేకపోయాను. కాళ్ళు సన్నబడి, కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి ఉన్నాయి. పెద్ద ఆసుపత్రికి పంపాం, కడుపులో నీరు తీశారు, పరీక్షలు చేశారు. అదే జబ్బు. ఆమెకు ఆ వివరం చెప్పే పని శీను నాకు అప్పజెప్పాడు.

చెప్పాను. కొంగు అంచు మడత పెడుతూ విన్నది.

"మా ఆయనకు నేనే ఇచ్చానా?"

"తెలియదు కోటమ్మగారూ. ఆయనకు ఏ జబ్బో ఎవరూ చూడలేదు."

"మా శీనుకి?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "మీ నుంచి వచ్చి ఉండొచ్చు. కాన్పప్పుడు. కాని ఇచ్చానని అనుకోకండి. మీరు కన్న రోజుల్లో ఈ పరీక్ష చేసేవాళ్ళు లేరు, ఈ టీకా లేదు. మీకు చెప్పినవాళ్ళు ఒక్కరు లేరు."

"నాకు చెప్పినోళ్ళు లేరు, నిజమే." ఆమె తలెత్తింది. "నా కోడలికి చెప్పావు గదమ్మా. నాకూ చెప్పావు. నేను వినలా. నా రోగం నా ఒంట్లో పెట్టుకుని, ఆ పిల్లని రోగిష్టిదన్నా. నా మనవరాలు నా చంకలోనే పెరిగింది గదా, దానికేమీ కాలా గదా. అంటే ఆ పిల్ల చంకలో పెరిగినా ఏమీ అయ్యేది కాదుగా?"

"అయ్యేది కాదు."

ఆమె ఏడవలేదు. "నాతో నకరికల్లు దాకా రావాలమ్మా. నా మొహం చూసి ఆ పిల్ల తలుపు తియ్యదు" అంది.

నకరికల్లు

వెళ్ళాను. తగాదా అంత దూరం పోయాక పాప రిజల్టు కాగితం కూడా దాన్ని ఆపలేదు; అప్పటికి మాధవి, శీను రాజీ మీద విడాకులు తీసుకుని ఉన్నారు, పిల్ల తండ్రి ఇంట్లోనే ఉండిపోయింది. మాధవి ఒక స్కూల్లో టీచరుగా చేస్తోంది. సహస్రకు మాటలన్నీ వచ్చాయి. కారులో కోటమ్మ ఒళ్ళో కూర్చుని దారి పొడుగునా పాడుతూనే ఉంది.

మాధవి తలుపు తీసింది. నన్ను చూసింది, కోటమ్మను చూసింది, కోటమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లను చూసింది. అలాగే ద్వారబంధం పట్టుకుని ఉండిపోయింది.

లోపల కూర్చున్నాక కోటమ్మ చుట్టూ తిప్పకుండా చెప్పింది. "నాకూ అదే జబ్బు అమ్మాయ్. నీకంటే ముందు నుంచే ఉండాది. నిన్ను అనకూడని మాటలన్నా. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు. నీ బిడ్డను తెచ్చా. తీసుకో."

మాధవి నేల మీద కూర్చుని చేతులు చాపింది. "రామ్మా" అంది.

సహస్ర ఒక్క అడుగు వేసి, ఆ మొహం కేసి చూసి, వెనక్కి పరుగెత్తి కోటమ్మ కొంగులో దాక్కుంది. "అమ్మా, ఇంటికి పోదాం పా" అంది. ఆ అమ్మా అన్నది కోటమ్మను.

కోటమ్మ ఆ చేతులు విడిపించబోయింది. పిల్ల గుక్క పట్టి ఏడ్చింది.

"వద్దు అత్తయ్యా," అంది మాధవి. లేచి నిలబడింది. "ఒకసారి తల్లి కాడి నుంచి వచ్చేసింది గదా. మళ్ళా ఇంకో తల్లి కాడి నుంచి లాగమంటారా? మీరే ఉంచుకోండి. నేనే వస్తుంటా. నన్ను ఎరిగిందాకా వస్తుంటా."

మాధవి లోపలికి పోయి అందరికీ మజ్జిగ తెచ్చింది. పిల్లకు చిన్న గ్లాసులో తెచ్చి, దగ్గరికి పోకుండా స్టూలు మీద పెట్టి వచ్చింది. సహస్ర కాసేపటికి కొంగు చాటు నుంచి వచ్చి తాగింది.

మాధవి అన్నట్టే ప్రతి ఆదివారం బస్సెక్కి పోతుందని శీను చెప్పాడు. కోటమ్మ మందులతో నెట్టుకొస్తోంది. పిల్లకు జడ వేసే ఓపిక లేదిప్పుడు. ఆదివారం జడ మాధవే వేస్తుందట.

మొన్నామధ్య మాధవి సహస్రను మా ఇంటికి తీసుకొచ్చింది. దగ్గు పట్టుకుందట. పిల్ల బడికి పోతోంది. స్టెతస్కోపు పెట్టించుకుంటూ ఏమాత్రం బెదరలేదు. దగ్గు మామూలుదే. మందు రాసిస్తూ, పిల్లలతో ఊరికే మాట కలిపినట్టు అడిగాను.

"ఎవరితో వచ్చావే?"

"మా నకరికల్లు అమ్మతో," అంది.

మేనత్తనో పిన్నినో ఊరి పేరు కలిపి పిలిచినట్టే అంది. నేను కలం ఆపి మాధవి కేసి చూశాను. ఆమె పిల్ల స్వెట్టరు గుండీలు పెడుతోంది. కళ్ళెత్తలేదు గాని, గొంతులో సంతోషం దాగలేదు.

"ఈ మధ్యే మేడమ్, అట్టా పిలవడం. ముందు ఆంటీ అనేది."